ఆసుపత్రిని ప్రశ్నించండి, రోగిని చూపించకండి

బలిఘట్టంలో జ్వరమొచ్చినా, కాన్పు దగ్గరపడినా ముందు గుర్తొచ్చేది నర్సీపట్నం ఏరియా ఆసుపత్రే. ఫలానా సూదిమందు లేదన్నారనో, డెంగీ ముదురుతోందనో ఎవరైనా అంటే ఆ మాట గంటలో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేస్తుంది. ఇలాంటి పోస్టులు పెట్టొచ్చా అని అడిగేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: పోస్టులో ఉన్న సమాచారం ఎవరిది? ఆసుపత్రి ఎలా నడుస్తోందన్నది ఊరందరి సమాచారం. రోగి ఒంట్లో ఏముందన్నది ఆ రోగి సొంతం. మొదటిదాని మీద ఎంత గట్టిగా అడిగినా చట్టం చాలావరకు మీ పక్షానే ఉంటుంది. రెండోదాన్ని జాలితో బయటపెట్టినా మీ పక్షాన ఉండదు.

రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన వాక్ స్వేచ్ఛ ఫోన్‌లో టైపు చేసే మాటకూ వర్తిస్తుంది. చిరాకు పుట్టించే మెసేజీకి కూడా జైలన్న ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. ఇంకా ఎవరైనా ఆ సెక్షన్ పేరెత్తి బెదిరిస్తే లేని సెక్షన్‌తో బెదిరిస్తున్నట్టే. కొవిడ్ రెండో వేవ్‌లో ఆక్సిజన్ కావాలి, బెడ్డు కావాలి అని పోస్టులు పెట్టినవాళ్ల నోరు నొక్కితే కోర్టు ధిక్కారంగా చూస్తామని అదే కోర్టు 2021 ఏప్రిల్ 30న హెచ్చరించింది. అలాగని పుకారుకు రక్షణ లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద, జనాన్ని హడలగొట్టే ఉద్దేశంతో అబద్ధం పుట్టిస్తే మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కానీ ఆ సెక్షన్ చివర ఒక మినహాయింపు ఉంది. చెప్పింది నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, చెడు ఉద్దేశం లేకుండా, సద్బుద్ధితో చెబితే అది నేరం కాదు. అందుకే 'ఆ ఆసుపత్రిలో మందులే లేవు' అని రాయడం వేరు, 'ఫలానా తేదీ ఉదయం వెళితే ఫలానా మందు లేదన్నారు' అని రాయడం వేరు. రెండోది మీ కళ్ల ముందు జరిగింది, రుజువు చేయగలిగింది. సూపరింటెండెంటుకు కాగితం మీద ఫిర్యాదు ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీ, ముద్ర వేయించుకుంటే ఆ మాటకు ఇంకా బలం. స్టాకు రిజిస్టరు నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు.

'చట్టం సంగతి సరే, మరి మన డాక్టరుగారికి ఏమైంది?' అని నర్సీపట్నంలో ఎవరైనా అడగొచ్చు. దాన్ని దాటేసి వెళ్లడం కుదరదు. ఇక్కడి ఏరియా ఆసుపత్రిలో మత్తుమందు డాక్టరుగా పనిచేసిన సుధాకర్ 2020 ఏప్రిల్‌లో మాస్కులు, పీపీఈ కిట్లు చాలడం లేదని బాహాటంగా అన్నారు. ప్రభుత్వం సస్పెండ్ చేసింది. మే 16న విశాఖ నడిరోడ్డుపై పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచికట్టిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. అక్కడినుంచి ఆయన ప్రభుత్వ మానసిక వైద్యశాలకు చేరారు. హైకోర్టు జోక్యం చేసుకుని దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 2021 మేలో ఆయన చనిపోయారు. ప్రభుత్వోద్యోగికి 1964 నాటి ప్రవర్తనా నియమావళి అడ్డొస్తుంది, ఆ కట్టు మామూలు పౌరుడికి లేదు. కాబట్టి నర్సో, ల్యాబ్ టెక్నీషియనో అయితే ముందు రాతపూర్వకంగా పైఅధికారికి చెప్పుకోవడం, సంఘం ద్వారా మాట్లాడించడం క్షేమం. ఇంత చెప్పినా ఆ ప్రశ్నకు పూర్తి సమాధానం దొరికినట్టు కాదు. కోర్టు వచ్చింది, కానీ దెబ్బ తగిలాకే వచ్చింది. పదిమంది సంతకాలతో, ముందే సిద్ధం చేసుకున్న కాగితాలతో మాట్లాడమనేది అందుకే. ఒంటరి గొంతును నొక్కినంత సులువుగా ఊరి గొంతును నొక్కలేరు.

ఆ ఉదంతంలో రెండో పార్శ్వం కూడా ఉంది. డాక్టరుగారి మీద జాలిపడ్డవాళ్లూ, వెక్కిరించినవాళ్లూ ఆయన మానసిక స్థితి గురించి ఫోన్లలో తోచినట్టు తీర్పులు చెప్పారు. మానసిక చికిత్సాలయంలో ఉన్న వ్యక్తి ఫొటోనుగానీ, వివరాలనుగానీ అతని సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ చెబుతుంది. ఫేస్‌బుక్ మీడియా కాదని వాదించే వకీలు ఉండొచ్చు. నేనైతే ఆ వాదన మీద పందెం కాయను. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చేసింది. నమ్మకంతో చెప్పుకున్న హెచ్ఐవీ సంగతిని బయటపెట్టడానికి ప్రత్యేక చట్టమే అడ్డుంది. 'మొహం చూపించకపోతే ఎవరు కదులుతారు?' అంటారు. నిజమే, ఏడ్చే తల్లి ఫొటోకు వచ్చే లైకులు ఓపీ చీటీకి రావు. అయితే అధికారిని కదిలించేది లైకుల కంటే తేదీ, మందు పేరు, ముద్ర ఉన్న కాగితమే. చీటీ పెట్టేటప్పుడు పేరొక్కటే చెరిపితే చాలదు. ఓపీ నంబరు, వయసు, ఊరు కలిపి చూస్తే బలిఘట్టంలో ఎవరో పోల్చుకోవడం ఎంతసేపు? ఫోన్‌లోని పలచటి హైలైటర్‌తో గీస్తే వెలుతురు పెంచగానే కింది అక్షరాలు కనిపిస్తాయి. ఆ భాగాన్ని కత్తిరించేయండి. ఫొటో తప్పనిసరైతే రోగి చేత, చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల చేత సమ్మతి రాయించుకోండి. వద్దన్న రోజున తీసేయండి.

ఆరోగ్య ప్రచారం పేరుతో మందు చెప్పడం మరో చిక్కు. షుగరు, క్యాన్సర్ సహా చట్టం జాబితాలోని జబ్బులను నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అందులో ప్రకటన అంటే కరపత్రమే కాదు, నోటిమాట, వెలుతురు, శబ్దం, చివరికి పొగతో చెప్పినా ప్రకటనే. పొగనే వదలని చట్టం రీల్‌ను వదులుతుందా? మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా జైలు. ఆకు పసరుతో షుగరు పోతుందన్న వీడియోను ఫార్వర్డ్ చేసేకంటే, రక్తపరీక్ష ఎక్కడ చేస్తారో, ఏ వేళల్లో చేస్తారో రాసి పెట్టండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా పోస్టు విషయమై పోలీసులు ఫోన్ చేసి స్టేషన్‌కు రమ్మంటే రాతపూర్వక నోటీసు అడగండి. పైన చెప్పినటువంటి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాలకు, వెంటనే అరెస్టు అవసరం లేనప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇవ్వాలి. నోటీసు అందితే మాత్రం తప్పక వెళ్లాలి. కంగారుపడి పోస్టు తీసేసినా ఫోన్‌లోని అసలు ఫొటోను, కాగితాలను చెరపకండి, రేపు మీ సద్బుద్ధికి సాక్ష్యం అవే. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది. ఫోన్ నంబరు 15100.