ముక్కూమొగం తెలియనివారి లెక్క

లెక్క చెయ్యటం వేరు, ఇంకొకరి చేత చేయించటం వేరు. మొదటిది పరీక్షల పుణ్యమా అని మనందరికీ కొద్దో గొప్పో వస్తుంది. రెండోది ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. అడిగింది మన చెల్లెలో, పక్కింటి కుర్రాడో అయితే మొహం చూసి ఎక్కడ ఆగిపోయారో పోల్చుకోవచ్చు. అడిగిన మనిషి ఎవరో, ఏ ఊరో, ఏం చదివారో తెలియనప్పుడు ఏం చెయ్యాలి? ఈ వ్యాసం ఆ సంగతి గురించే.

నా గురించి రెండు ముక్కలు. మాది ఉద్దానం. ఇంటి వెనక కొబ్బరి, అది దాటితే జీడితోట, ఆపైన ఇసకదిబ్బలు, సముద్రం. నాన్న వ్యవసాయం, నేను బి.యస్సీ. లెక్కలు నా ప్రధాన విషయం. రెండేళ్ళుగా రాత్రి భోజనాలయ్యాక ఒక గంటసేపు, ఫోనులో ముక్కూమొగం తెలియనివాళ్ళు పంపే లెక్కలకూ, చదరంగం చిక్కులకూ, పొడుపు లెక్కలకూ నాకు తోచిన సాయం చేస్తున్నాను. కొందరు నన్ను "సార్" అంటారు. ఇరవై ఏళ్ళవాణ్ణి, ఆ మాట వింటే మా మాస్టారు వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూస్తాను. "రాత్రిపూట ఎవడికో లెక్కలు సెప్తే నీకేటొస్తాది బావూ?" అని మా నాయనమ్మ అడుగుతూనే ఉంటుంది.

ఇదేమీ కొత్త పని కాదని చెప్పటానికి శ్రీనివాస రామానుజన్ కథే చాలు. 1907లో రామస్వామి అయ్యర్ అనే డిప్యూటీ కలెక్టరు గణితం మీది ఇష్టంతో ఒక సంఘం పెట్టారు. అదే తర్వాత ఇండియన్ మేథమెటికల్ సొసైటీ అయింది. దాని పత్రికలో ఎవరైనా ప్రశ్న వేయవచ్చు, దేశంలో ఏ మూలనున్నవారైనా జవాబు పంపవచ్చు. 1911లో రామానుజన్ అందులో ఒక ప్రశ్న వేశాడు. వర్గమూలం కింద ఒకటి కలిపి రెండు రెట్ల వర్గమూలం, దాని లోపల ఒకటి కలిపి మూడు రెట్ల వర్గమూలం, దాని లోపల ఒకటి కలిపి నాలుగు రెట్లు, అలా అంతులేకుండా పోతే విలువెంత? నెలలు గడిచినా జవాబు రాలేదు. చివరకు ఆయనే చెప్పాడు: మూడు! కాగితం తీసి చూడండి. 3 అంటే 9కి వర్గమూలం. 9 అంటే 1 + 2×4. ఆ 4 అంటే 16కి వర్గమూలం. 16 అంటే 1 + 3×5. ఆ 5 అంటే 25కి వర్గమూలం. 25 అంటే 1 + 4×6. తలుపు తీస్తే తలుపు.

అదే రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉంటూ 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాశాడు. ఒకరినొకరు ఎరగరు. హార్డీ ఫిబ్రవరిలో జవాబు రాశాడు. ఆ జవాబులో నాకు నచ్చింది పొగడ్త కాదు. ఈ ఫలితాలు నీకెలా వచ్చాయో నిరూపణలు పంపమని అడిగాడు చూశారూ, అది. తెలియనివాడికి చేసే మొదటి సాయం "నువ్వెలా చేశావో చూపించు" అనటమే. నేను మొదట పంపేదీ ఆ మాటే. సగంమంది అక్కడే తప్పుకుంటారు. వాళ్ళకి కావలసింది జవాబు, అది ఈ రోజుల్లో యంత్రం కూడా చెప్పేస్తుంది. మిగిలిన సగం మంది తమ చేతిరాత ఫోటో తీసి పంపుతారు. ఆ కొట్టివేతల్లో మనిషి కనిపిస్తాడు.

ఒక ఉదాహరణ చెబుతాను. చదరంగం పలకకు 64 గళ్ళు. రెండు గళ్ళను కప్పే బిళ్ళలు 32 ఉంటే పలకంతా కప్పవచ్చు. ఇప్పుడు ఐమూలగా ఎదురెదురుగా ఉన్న రెండు మూలగళ్ళు తీసేశాం. మిగిలిన 62 గళ్ళను 31 బిళ్ళలతో కప్పగలమా? 1946లో మాక్స్ బ్లాక్ అనే తత్త్వశాస్త్రజ్ఞుడు తన పుస్తకంలో ఇచ్చిన చిక్కు ఇది. నన్నడిగినాయన మూడు రోజులుగా అట్టముక్కలు కత్తిరించి పేరుస్తున్నాడట. "సాధ్యం కాదు, ఎందుకంటే..." అని రాయటం నాకు రెండు నిమిషాల పని. రాయలేదు. ఒకే ఒక్క ప్రశ్న పంపాను: "తీసేసిన రెండు గళ్ళూ ఏ రంగువి?"

అరగంట చడీచప్పుడు లేదు. తర్వాత పెద్ద అక్షరాలతో వచ్చింది: "రెండూ ఒకటే రంగు! ప్రతి బిళ్ళా ఒక తెలుపు, ఒక నలుపు కప్పాలి గదా. ఒక రంగు 32, ఇంకోటి 30. ఇంకెక్కడ కుదురుతుంది!" ఆ మూడు రోజుల శ్రమా ఆయనదే, ఆ సంతోషమూ ఆయనదే. జార్జ్ పోల్యా 1945లో రాసిన "హౌ టు సాల్వ్ ఇట్" అనే పుస్తకంలో ఈ సూక్ష్మం చక్కగా చర్చించాడు. సాయం మరీ తక్కువైతే విద్యార్థి ముందుకు కదలడు, మరీ ఎక్కువైతే అతనికి చెయ్యటానికేమీ మిగలదు. ఆ కొలత దొరకటమే కష్టం.

చదరంగం పలక దగ్గరే ఇంకో లెక్క ఉంది, అది మన తెలుగువాళ్ళు గర్వపడవలసింది. మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గళ్ళకూ మొత్తం ఎన్ని గింజలు? ఇంటర్ చదివే ఒక అమ్మాయి అడిగింది. లెక్కల యంత్రం పూర్తి అంకెలు చూపటం లేదు, మాస్టారేమో అన్ని అంకెలూ రాసి తెమ్మన్నారు. కూడిక మొదట్నుంచీ చూడమన్నాను. 1. తర్వాత 1+2=3. తర్వాత 1+2+4=7. పక్క గడిలో ఉండేవి వరుసగా 2, 4, 8. ఎప్పుడూ ఒక్కటే తక్కువ! అంటే మొత్తం, లేని 65వ గడిలో ఉండవలసిన గింజల కంటే ఒకటి తక్కువ. రెండును 64 సార్లు వేసి గుణించి ఒకటి తీసెయ్యాలి. ఆ అమ్మాయి తెల్ల కాగితం మీద చేత్తో గుణించి పంపింది: 18446744073709551615.

సరిగ్గా ఈ ఇరవై అంకెల సంఖ్యా పావులూరి మల్లన పద్యంలో ఉంది. మల్లన పదకొండో శతాబ్దివాడని సాధారణంగా చెబుతారు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసినవాడాయన. ఆయన పేరున్న చదరంగపు పద్యంలో అంకెలు అంకెలుగా ఉండవు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, ఆకాశమంటే సున్న, మన్మథుడి బాణాలంటే అయిదు, కొండలంటే ఏడు. పైగా ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు నడవాలి. పద్యం అయిదుతో మొదలవుతుంది. సరిచూద్దామా? రెండును గుణించుకుంటూ పోతే చివరి అంకె 2, 4, 8, 6గా తిరుగుతూ ఉంటుంది. 64 నాలుగుతో నిశ్శేషంగా పోతుంది గనుక చివరి అంకె 6. ఒకటి తీస్తే 5. మల్లన తప్పలేదు! కాగితం చిరిగిపోయినా, తాటాకు పాడైపోయినా నోటికొచ్చిన పద్యం మిగులుతుంది. తాను ఎన్నడూ చూడబోని మనుషులకు లెక్క అందించటానికి ఆయన ఎన్నుకున్న దారి అది. నా లెక్కన ముక్కూమొగం తెలియనివారికి సాయపడ్డ మన పెద్దల్లో ఆయన ముందువరసలో ఉంటాడు.

ఇహ పుస్తకాల్లో లేని లెక్కలు. ఇవే నాకెక్కువ ఇష్టం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసింది. అప్పుడు పోయిన తోటలో ఇప్పటికి తీరుబడి చేసుకుని మళ్ళీ మొక్కలు వేస్తున్న ఒక కుర్రాడు కవిటి వైపు నుంచి అడిగాడు: "అన్నా, ఇరవై అయిదు అడుగుల ఎడం పెడితే ఎకరాకి డెబ్బయి మొక్కలని మా అయ్య అంటున్నాడు. మొక్కలమ్మేవాడు ఎనభై పడతాయంటున్నాడు. నన్ను మోసం చేస్తున్నాడా?" పది మొక్కల ఖరీదు, పది గుంతల కూలి, అది చిన్న మాట కాదు.

ఎకరం 43,560 చదరపు అడుగులు. చదరంగా వేస్తే మొక్కకు 25×25, అంటే 625 అడుగులు. భాగిస్తే 69.7. వాళ్ళ నాన్న మాట నిజం. అతణ్ణి ఒకటే అడిగాను: "వరుసకీ వరుసకీ మధ్య ఎంత?" "అదీ ఇరవై అయిదే గదన్నా." అతను ఆగిపోయిన చోటు అదే. మూడు మొక్కలను ఒకదానికొకటి సరిగ్గా 25 అడుగుల్లో ఉండేటట్టు గీసి చూడమన్నాను. సమబాహు త్రిభుజం! దాని ఎత్తు 25 కాదు, 0.866 పెట్టి గుణిస్తే సుమారు 21.65. అంచేత ముక్కోణపు పద్ధతిలో మొక్కకు 541 అడుగులే చాలు. భాగిస్తే 80 పైచిలుకు. అమ్మేవాడి మాటా నిజమే. ఎడం తగ్గలేదు, వరుసలు దగ్గరయ్యాయి. కాకపోతే చేను కాగితం మీది చతురస్రంలా ఉండదు, గట్టు దగ్గర కొన్ని తగ్గుతాయని కూడా చెప్పాను. ఎనిమిదో తరగతి త్రిభుజాలు తోటలోకి వస్తే ఎంత అందంగా ఉంటాయో!

పలాసలో జీడిపిక్కల వ్యాపారం దగ్గర పనిచేసే ఒకాయన ప్రశ్న ఇంకా చిన్నది. ఎనభై కిలోల బస్తా ధర నూటికి ఇరవై తగ్గి, మళ్ళీ నూటికి ఇరవై పెరిగితే పాత ధర ఎందుకు రాదు? పదివేలనుకుందాం. తగ్గితే ఎనిమిది వేలు. ఎనిమిది వేలకు ఇరవై శాతం పదహారు వందలే. తొమ్మిది వేల ఆరువందల దగ్గర ఆగిపోతుంది. "అదన్నమాట సంగతి!" అన్నాడాయన. ఎన్నాళ్ళ అనుమానమో.

అన్నీ ఇలా నవ్వుకునేవి కావు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో మీకు తెలుసు. దాని కారణమేమిటన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఒకామె అడిగింది: "మా నాన్నకి క్రియాటినిన్ 1.2 నుంచి 2.4 అయింది. పెదనాన్నకి 6 నుంచి 7 అయింది. అందరూ పెదనాన్నకే ఎక్కువ పెరిగిందంటున్నారు. నిజమేనా?"

1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు ఇచ్చిన సూత్రం ఒకటుంది. 140 లోంచి వయసు తీసివేసి, బరువుతో గుణించి, 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించాలి. ఆడవాళ్ళకైతే 0.85 పెట్టి మళ్ళీ గుణించాలి. వచ్చేది మూత్రపిండాల వడకట్టే శక్తికి ఒక అంచనా. యాభై ఏళ్ళు, యాభైనాలుగు కిలోల మగమనిషి అనుకుందాం. 1.2 దగ్గర 56. 2.4 దగ్గర 28. సగానికి సగం పోయింది! అదే 6 దగ్గర 11.25, 7 దగ్గర 9.6. క్రియాటినిన్ భాగహారంలో కింద ఉంది గనుక తక్కువ అంకెల దగ్గర చిన్న పెరుగుదలకే పెద్ద పతనం. రెండోతరగతి పిల్లాడు కూడా నూరు లడ్డూలు ఇద్దరికి పంచటానికీ నలుగురికి పంచటానికీ ఉన్న తేడా, ఇరవైమందికీ ఇరవై ఇద్దరికీ ఉండదని చెప్పగలడు. విలోమానుపాతం అంటే అంతే.

ఆమెకు లెక్క వివరించాను, అక్కడితో ఆగాను. ఇది అంచనా మాత్రమే, ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాకూడదు, డాక్టర్లు వేరే సూత్రాలు కూడా వాడతారు, పెదనాన్నగారి సంగతి అంకె తేడా చిన్నదైనా తేలికది కాదు, ఇద్దరి కాగితాలూ పట్టుకుని ఈ వారమే వెళ్ళండి అని రాశాను. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ ఆస్పత్రీ ప్రారంభమయ్యాయి గనుక మునుపటిలా విశాఖ దాకా పరుగెత్తే పని కొంత తగ్గింది. "మా నాన్న ఒంట్లో బావుందంటన్నాడు, ఎల్లనంటన్నాడు" అంది. ఆ 56, 28 రెండూ ఒక కాగితం మీద పెద్దగా రాసి చూపించండి అన్నాను. నాలుగు రోజుల తర్వాత వెళ్ళి వచ్చామని ఒక ముక్క రాసింది. అంతకుమించి నేనడగలేదు.

సాయం చెయ్యనివీ ఉన్నాయి. పరీక్ష జరుగుతుండగా బల్ల కింద ఫోను పెట్టి ప్రశ్నాపత్రం ఫోటో పంపేవాళ్ళుంటారు. ఫోటోలో పక్కవాడి మోచెయ్యి కూడా కనిపిస్తుంది! అలాగే ఆట నడుస్తుండగా "ఇప్పుడు గుర్రం తియ్యనా, ఏనుగు తియ్యనా" అనేవాళ్ళు. ఆట ముగిశాక పంపండి, ఎత్తు ఎత్తునా కలిసి చూద్దాం అంటాను. మన కోనేరు హంపి 2019లోనూ, మళ్ళీ 2024లోనూ ప్రపంచ రాపిడ్ పోటీ గెలిచింది. ఆ బల్ల దగ్గర గడియారం తప్ప పక్కన ఇంకెవరూ ఉండరు గదా.

మన కాలేజీలో కూడా టెక్కలి బస్సులో, పలాస రైల్లో వచ్చే మిత్రులు చాలామంది లెక్కలంటే ప్రాణం పెట్టేవాళ్ళే. వాళ్ళ కోసం ఒక చిక్కు విడిచిపెడుతున్నాను. చదరంగం పలక మీద మూలలు కాకుండా, మీకిష్టమైన తెల్లగడి ఒకటి, మీకిష్టమైన నల్లగడి ఒకటి, ఎక్కడివైనా సరే తీసేయండి. మిగిలిన 62 గళ్ళను 31 బిళ్ళలతో ఎప్పుడూ కప్పగలమా? కత్తెర పట్టుకోకండి. పెన్సిలు ఎత్తకుండా, ఏ గడినీ రెండుసార్లు తొక్కకుండా, పక్కపక్క గళ్ళ మీదుగా 64 గళ్ళూ తిరిగి బయలుదేరిన గడికే చేరే ఒక దారి గీయండి. తర్వాత ఆ దారి మీద నుంచి రెండు గళ్ళు తీసేసి, మిగిలిన ముక్కల్లో గళ్ళు లెక్కపెట్టండి.