చెరువు అడుగు నాచుపై ఎరువుల ప్రభావము

జడ్చర్ల ప్రాంతపు చెరువులలో నీరు తేటపడినప్పుడు ఒడ్డు దగ్గర అడుగు రాళ్లపై పచ్చని పొర కనిపించును. అది అడుగు నాచు. దానికి వలసిన ఆహారము చాలవరకు బురదలోనే దొరకును, కొరవడునది వెలుతురు.

పొలములలోని సూపర్ ఫాస్ఫేటు, ఊరి మురుగు వాననీటితో చెరువు చేరినచో ఆ నాచు మరింత పెరుగునని తలంతుము. తరచు జరుగునది వేరు. నీటిలో తేలియాడు పాచి ముందుగా బలిసి, నీటిని చిక్కబరచి, ఎండను పైననే అడ్డగించును. అడుగు నాచు ఆ నీడలో క్షీణించును. ఉత్తరపు చలిదేశముల సరస్సులలోను ఇదే తీరు.

ఇందుకు మూలము ముఖ్యముగా భాస్వరము. కెనడాలో 1973లో ఒక సరస్సును తెరతో రెండుగా విభజించి, రెండింటను కర్బనమును, నత్రజనిని కలిపి, ఒక భాగమున మాత్రమే భాస్వరమును చేర్చిరి. ఆ భాగమే పచ్చబడెను.

పాచి చిక్కనైన చెరువులో రాత్రివేళ ప్రాణవాయువు తగ్గును. తెల్లవారుజామున చేపలు నోరు తెరచుకొని పైకి తేలుట దాని గుర్తు. కొన్ని రకముల పాచి విషపూరితము గనుక అట్టి నీటిని పశువులకు పెట్టరాదు. వాన వచ్చునట్లున్న దినమున ఎరువు చల్లక ఆగుట రైతు చేతిలోని పనియే. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో రైతులు పూడిక మట్టిని పొలములకు తోలుకొనిరి. అడుగున చేరిన భాస్వరములో కొంత అట్లు చేనికి మరలినది.