దాచే పని ఎవరిది?

గింజ గాదెలో పడేదాకా పంట మనది కాదంటాడు మా నాన్న. ఆ మాట విలువ కంప్యూటరు ముందు కూర్చున్నాకగాని నాకు తెలిసిరాలేదు.

నిరుడు ప్రాక్టికల్ రికార్డు లెక్కలన్నీ ఒక రాత్రి మూడు గంటలపాటు టైపు చేశాను. ఇంతలో కరెంటు పోయింది. మళ్ళీ వచ్చాక చూస్తే ఒక్క అంకె లేదు. "సేవ్ చెయ్యలేదా?" అని అందరూ నన్నే తప్పుపట్టారు. తెల్లవార్లూ కూర్చుని మళ్ళీ చేశాను. అయినా, తప్పంతా నాదేనా?

మనం టైపు చేసేది ముందుగా ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం. డిస్కుకు చేరినదే నిలుస్తుంది. కళ్ళంలో ధాన్యానికీ గాదెలో ధాన్యానికీ ఉన్న తేడాయే ఇది. డిస్కులు బహు నెమ్మదిగా పనిచేసే రోజుల్లో ఎప్పుడు దాచాలో మనిషికి వదిలెయ్యడం సబబే. నేడు ఆ ఇబ్బంది లేదు. 2011లో ఆపిల్ సంస్థ తన 'లయన్'లో పనిని దానంతటదే దాచి, పాత ప్రతులను కూడా తిరిగి చూపే పద్ధతి పెట్టింది. అయినా ఆ భారాన్ని ఇంకా మన నెత్తినే ఉంచే ప్రోగ్రాములు లేకపోలేదు.

దాచడంలోనూ పద్ధతి ఉంది. పాత ఫైలు మీదనే రాస్తుండగా కరెంటు పోతే పాతదీ కొత్తదీ రెండూ చెడిపోవచ్చు. అందుకే మంచి ప్రోగ్రాము కొత్త ప్రతిని పక్కన వేరే పేరుతో పూర్తిగా రాసి, అది డిస్కుకు చేరిందని రూఢి చేసుకున్నాకే పాత పేరును దానికిస్తుంది.

ఇక వెదుక్కోవడం. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటరు ఆఫీసు బల్ల మీది కాగితాలనూ ఫోల్డర్లనూ బొమ్మలుగా తెర మీదకు తెచ్చింది. ఎమ్మెస్-డాస్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు, అంతే. 1995లో విండోస్ 95 దాన్ని 255కు పెంచింది. ఇంత చోటిచ్చినా మనం పెట్టే పేర్లేమిటి? "కొత్తది", "ఆఖరుది", "అసలు ఆఖరుది"!

మా నాన్న విత్తనాల సంచికి రకం, సంవత్సరం, ఏ చేనిదో రాసి చీటీ కడతాడు. ఆయన ఊళ్ళో లేకపోయినా అమ్మ ఇట్టే తీసిస్తుంది. మనమూ సంవత్సరం, నెల, తేదీ వరసగా అంకెల్లో వేసి, పక్కన విషయం రాస్తే ఫైళ్ళు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. ప్రోగ్రాము కూడా మొదటి పంక్తినీ తేదీనీ కలిపి ఒక పేరు సూచించవచ్చు. పది ప్రతులకు బదులు ఒకే ఫైలులో దాని పాత రూపాలన్నీ ఉంచవచ్చు.

మిత్రులారా! రేపు మనలో కొందరు ప్రోగ్రాములు రాస్తారు. దాచే పని యంత్రానికి అప్పగించండి. చీటీ కట్టే పని మాత్రం మనదే.