తల్లి మాటతో మొదలుపెట్టు

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

దివ్యాంగ పిల్లల కోసం నడిచే బాన్సువాడ భవిత కేంద్రంలో ఐఈఆర్పీగా (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్‌గా) చేరావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. పిల్లలతో పని నీకు చేతనవును, ఆ దిగులు నాకు లేదు. ఐఈపీ, అంటే ఒక్కో పిల్లవాడి వ్యక్తిగత విద్యా ప్రణాళిక, రాయడానికి తల్లిదండ్రులు, క్లాస్ టీచరు, హెడ్మాస్టరు, నువ్వు కూర్చునే మీటింగ్ గురించే ఈ ఉత్తరం.

ముందే నింపిన ఫారం తీసుకెళ్లి సంతకం అడగకు బిడ్డా. పిల్లవాడికి ఏం రాదో మనం ఎలాగూ రాసుకుంటాం. ఏం వచ్చో తల్లికి తెలుసు. ఒకసారి ఇలాంటి మీటింగ్‌లోనే ఒక అబ్బాయికి లెక్కలు అసలు రావని అందరూ తేల్చేశారు. 'ఇంట్లో ఏం పని చేస్తాడమ్మా?' అని తల్లిని అడిగాను. 'రాత్రి కంచాలు వాడే పెడతాడు సార్. ఐదుగురికి ఐదు. మా చెల్లె వస్తే ఇంకొకటి తెస్తాడు' అంది. మనిషికొక కంచమని తెలిసినవాడికి లెక్కకు పునాది పడినట్టే. అప్పటికప్పుడు లక్ష్యం మార్చాం: మధ్యాహ్న భోజనం వేళ తన వరుసలో పదిమందికి ప్లేట్లు పంచాలి, పంచుతూ పైకి లెక్కపెట్టాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపైన వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత చదువును హక్కు చేసింది. అమెరికాలోనైతే 1975 చట్టమే ప్రణాళిక రాసేచోట తల్లిదండ్రులను కూర్చోబెట్టింది. ఇక్కడ ఆ కుర్చీ నువ్వు వేయాలి.

నాట్లప్పుడు కూలి పోగొట్టుకుని పదకొండింటికి రమ్మంటే ఎవరొస్తారు? వాళ్లకు వీలైన పూట ముందే అడుగు. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజైతే ఆయన మాటా కలుస్తుంది. తండా నుంచి వచ్చే తల్లికి లంబాడీ మాట తెలిసినవాళ్లను, ఉర్దూ ఇంటి తల్లికి ఉర్దూ వచ్చిన టీచరును పక్కన కూర్చోబెట్టు. పిల్లవాణ్ని కూడా పిలువు, వాడికేం ఇష్టమో వాడినే అడుగు.

క్లాస్ టీచరుకు పని అప్పజెప్పకు. నలభైమంది మధ్యలో ఆమె ఏది చేయగలదో అడిగి, అదే రాయి. మూడు లక్ష్యాలు చాలు. ప్రతిదాని పక్కన ఎవరు చేస్తారు, ఎప్పటికల్లా, వచ్చిందని ఎలా తెలుస్తుంది అన్నవి ఉండాలి. ఇంట్లో చేయాల్సింది తల్లి రోజూ చేసే పనిలోనే ఇమడాలి. అదనంగా గంటసేపు చదివించమంటే, పొద్దంతా బీడీలు చుట్టే మనిషికి ఎక్కడ కుదురుతుంది?

చివర అంతా పైకి చదువు. తనకేం అర్థమైందో తల్లిని తన మాటల్లో చెప్పమను. సంతకమైనా వేలిముద్రైనా ఆ తర్వాతే. ఒక ప్రతి ఆమె చేతికివ్వు, మళ్లీ కూర్చునే తేదీ దాని మీదే రాయి. ఆ తేదీకి ఏదైనా లక్ష్యం అందకపోతే లక్ష్యాన్ని మార్చండి, పిల్లవాణ్ని తప్పుపట్టకండి.

ఇట్లు,
మీ పెద్దబాపు