డేటాబేస్‌లో చెడిపోయిన సమాచారాన్ని కనిపెట్టడం ఎలా?



మన రామకుప్పంలో ఎవరైనా పొలం కొనాలంటే ముందుగా ఈసీ తీయిస్తారు. ఆ పొలాన్ని గతంలో ఎవరు ఎవరికి అమ్మారో అందులో ఉంటుంది. 1998లో 'కార్డ్' పథకం మొదలయ్యాక మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ వివరాలు కంప్యూటర్లలోకి చేరాయి. కాగితానికి చెదలు పడితే కంటికి కనిపిస్తుంది. కానీ డిస్కులో ఒక అంకె మారితే ఎవరికీ కనిపించదు. మరి దానిని ఎలా కనిపెట్టాలి?

మన హాస్టల్ స్టాక్ రిజిస్టరునే తీసుకుందాం. మూడు రోజుల బియ్యం 14, 16, 15 కిలోలు. అడుగున మొత్తం 45 అని రాశాం. తర్వాత 16 కాస్తా 19 అయితే, కూడినప్పుడు 48 వస్తుంది. తప్పు దొరికిపోతుంది! ఇలా సరిచూసుకునే అంకెను 'చెక్‌సమ్' అంటారు. అయితే 14, 16 తారుమారైతే మొత్తం మారదు. అందుకే కంప్యూటర్ అంకెల స్థానాన్ని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతులను వాడుతుంది.

ఉదాహరణకు, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సమాచారాన్ని 8 కిలోబైట్ల పేజీలుగా దాస్తుంది. 2005 వెర్షన్ నుండి ప్రతి పేజీకి చెక్‌సమ్ రాసే సౌకర్యం ఉంది. పేజీని చదివేటప్పుడు లెక్క కుదరకపోతే 824 నంబరు ఎర్రర్ వస్తుంది. డిస్కు నుండి చదవడమే కుదరకపోతే 823 వస్తుంది. మొదట విఫలమై, మళ్ళీ ప్రయత్నిస్తే చదవగలిగినప్పుడు 825 వస్తుంది. పని జరిగిపోయింది కదా అని చాలామంది దీనిని పట్టించుకోరు. కానీ డిస్కు చెడిపోబోతోందని చెప్పే తొలి హెచ్చరిక ఇదే కావచ్చు.

కాబట్టి గుర్తుంచుకోవలసినవి:

1. ఈ మూడు ఎర్రర్లు రాగానే సిబ్బందికి కబురు అందేలా అలర్ట్ పెట్టాలి.
2. చదవని పేజీలో తప్పు బయటపడదు. అందుకే 'చెక్‌డీబీ' ఆదేశంతో అప్పుడప్పుడు మొత్తం డేటాబేస్‌ను పరీక్షించాలి.
3. బ్యాకప్‌లు తీయడమే కాదు, అవి పనిచేస్తున్నాయో లేదో వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. చెడిన డేటాకు తీసిన బ్యాకప్ కూడా చెడినదే!

మిత్రులారా! ఒక్క సంగతి. మొదటే తప్పుగా టైపు చేస్తే చెక్‌సమ్ దానిని పట్టుకోలేదు, ఆ తప్పునే భద్రంగా కాపాడుతుంది. కనుక పదవ తరగతి నామినల్ రోల్‌లో మీ పేరు, పుట్టిన తేదీ మీరే సరిచూసుకుని సంతకం చేయండి. యంత్రం చేయలేని ఆ పని మనదే.