చలికాలం పోకముందే తెరచాప నేర్చుకోండి

కోరుకొండ నుంచి రాజమండ్రి రేవుకొచ్చి లాంచీల్లో కళాసీగా కుదిరే కుర్రాళ్లలో కొందరికి తెరచాప పడవ కూడా నేర్చుకోవాలని ఉంటుంది. మంచి కోరిక. దానికి చలికాలమే అదను. అయితే ఏ నెలలో ఏ నీళ్లలో దిగాలో తెలియాలి. కార్తీకం వచ్చేసరికి గోదావరి వరద తీసి నీరు నెమ్మదిస్తుంది. సముద్రం అలా కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలం. కోనసీమను ఊడ్చేసిన తుపాను 1996 నవంబరు 6న వచ్చింది. అందుకే సంక్రాంతి దాకా ఏరో చెరువో చాలు, సముద్రం ఆ తర్వాతే.

ముందు ఈత రావాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటక లాంచీ మునిగితే బతికి బయటపడింది 26 మందే. ప్రయాణికుడికి లైఫ్ జాకెట్ బిగించాల్సింది కళాసీయే. తనకే నీళ్లంటే భయమైతే ఇంకొకరికి ధైర్యం చెప్పలేడు.

ఈత వచ్చాక తాడు పట్టండి. బౌలైన్ ముడి ఒక్కటి బాగా వస్తే సగం పని వచ్చినట్టే: ఎంత లాగినా ఉచ్చు బిగుసుకోదు, పనయ్యాక సులువుగా విప్పుకోవచ్చు. తడి తాడుతో, చీకట్లో, చూడకుండా వేయగలిగేదాకా సాధన చేయండి.

తెరచాప పాఠాలకు హైదరాబాద్ వెళ్లొచ్చు. హుస్సేన్ సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ 2009 నుంచి నేర్పుతోంది. అక్కడ పెద్ద పోటీలు జులై వానగాలికి జరుగుతాయి. చలికాలపు తేలికపాటి గాలి కొత్తవాళ్లకు నయం. సముద్రం కావాలంటే చెన్నై రేవులో 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. వెళ్లేముందు ఫోన్ చేసి పెద్దవయసు కొత్తవాళ్లను చేర్చుకుంటారా, రుసుమెంత, బస ఎక్కడ అని అడగండి. పడవ బోల్తాపడితే లేపడం నేర్పుతారా అని మాత్రం తప్పక అడగండి. నేర్పని చోట డబ్బు కట్టొద్దు.

ఇద్దరెక్కే పడవలో చుక్కాని ఒకరిది. క్రూ అనే రెండోవాడు ముందువైపు తెరచాప తాళ్లు చూసుకుంటూ, ఒంటి బరువుతో పడవ వాలకుండా కాస్తాడు. పడవ బోల్తాపడితే పడవ అడుగున ఉండే పలక మీద నిలబడి, అంచు పట్టుకుని వెనక్కి వాలాలి. పడవ మెల్లగా లేస్తుంది. ముందే తాళ్లు వదులు చేయకపోతే గాలి పట్టి మళ్లీ పడుతుంది. కొత్తవాడు మొదట క్రూ పనే అడగాలి, చుక్కాని తర్వాత.

క్లబ్బులో వచ్చే సర్టిఫికెట్‌తో లాంచీ నడిపే సరంగు కాలేరు. ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం, 2021 ప్రకారం సరంగు పరీక్ష వేరు. ఓడలో ఉద్యోగమిప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే, ఆ ఏజెన్సీకి డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉందో లేదో చూసుకోకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.