సందేహాలు - సమాధానాలు: పడవను ఇంటి ముందే పైకెత్తాలంటే...

డాలస్‌లో ఉంటున్నాం. లూయిస్‌విల్ సరస్సులో నడుపుకుందామని పాత కాటలినా 22 తెరచాప పడవ కొన్నాను. అడుగున ఉండే కీల్ పిన్ను మార్చాలంటే పడవను ట్రెయిలర్ మీంచి లేపాలి. జాకీలు, దుంగలతో నేనే లేపుదామనుకుంటున్నా. మీద పడుతుందేమోనని మా ఆవిడ భయం. నిజానికి నాకూ భయమే.

మీ ఇద్దరి భయమూ సబబే. అయినా ఇది చాలామంది ఇంటి దగ్గర చేసుకునే పనే, నిదానంగా చేస్తే మీరూ చేయగలరు. వెయ్యి కిలోలు దాటే పడవ కాబట్టి మాస్టు, మోటారు, బ్యాటరీ, నీళ్ళు ముందే దించేయండి. ముందువైపు అంగుళం, వెనకవైపు అంగుళం చొప్పున లేపుతూ, లేపిన ప్రతిసారీ కింద దుంగలు ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చండి. జాకీ లేపడానికే, బరువు మోయాల్సింది దుంగలే. అప్పుడు జాకీలో ఆయిల్ సీలు పోయినా పడవ దిగేది అంగుళమే. పక్కలకు ఒరగకుండా స్టాండ్లు పెట్టి, ఎదురెదురు స్టాండ్లను పడవ కిందుగా గొలుసుతో బిగించండి. జాకీ నేలలోకి దిగబడుతున్నట్టు అనిపిస్తే మాత్రం అక్కడికక్కడే ఆపి, కింద మందపాటి ప్లైవుడ్ వేయండి.

నాదీ కాటలినా 22 పడవే. పిన్ను తీయగానే కీల్ ఊడి మీద పడుతుందా? తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

మీరు సరిగ్గా భయపడాల్సిన చోటే భయపడ్డారు, దానికి ఉపాయమూ ఉంది. ఆ ఇనుప కీల్ దాదాపు 250 కిలోలుంటుంది. ట్రెయిలర్ మీద ఉన్నంతసేపూ దాన్ని ట్రెయిలరే మోస్తుంది. పడవ లేవగానే ఆ భారం పిన్ను మీదికీ, కీల్‌ను పైకి లాగి పట్టే సన్నటి స్టీలు కేబుల్ మీదికీ వస్తుంది. అందుకే పాత కేబుల్‌ను నమ్మకండి. పడవతోపాటే కీల్ కింద కూడా దుంగలు పేర్చుకుంటూ రండి. కీల్ వాటిమీద పూర్తిగా ఆనాకే పిన్ను జోలికి వెళ్ళండి. ఆ రోజు ఒంటరిగా మాత్రం చేయకండి.

లేపుతుంటే కిర్రుమంటోంది. దిమ్మె ఆనిన చోట ఫైబర్ కొంచెం లోపలికి నొక్కుకుంది. పడవ పగిలిపోతుందా?

కంగారు పడకండి, బరువు సర్దుకునేటప్పుడు అలా కిర్రుమనడం మామూలే. కానీ నొక్కు పడిందంటే ఆ దిమ్మె చోటు బాగాలేదన్నమాట. మెల్లగా దించి, లోపల అడ్డగోడ ఉన్నచోటికి జరిపి, వెడల్పాటి పలక ఆనించండి. దించాక నొక్కు పోకపోయినా, ఠప్పుమని చప్పుడైనా, కొత్త బీటలు కనిపించినా పని ఆపి, ఫైబర్ పని తెలిసినవారికి చూపించండి.